కాళ్లు సహకరించని అమ్మానాన్నలకు హైదరాబాద్ చూపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి పది రోజులుంటారు. మోకాళ్లు అరిగిపోయి ఒకరు, పక్షవాతం వచ్చి కోలుకుంటూ ఒకరు, తుంటి ఆపరేషన్ అయి చేతికర్రతో ఒకరు. టీవీ ముందు కూర్చుని, బాల్కనీలోంచి ఎదుటి అపార్ట్‌మెంట్ చూసి తిరిగి వెళ్లిపోతుంటారు. అలా జరగక్కర్లేదు. పిల్లలు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

"నాకెందుకురా, మీరు వెళ్లిరండి" అంటుంది అమ్మ. బలవంతపెట్టాలా?

బలవంతం వద్దు. అలాగని ఆ ఒక్క మాటకే ఊరుకోవద్దు కూడా. ఆ మాట వెనకాల ఆమె పైకి చెప్పని భయం ఒకటి ఉంటుంది. అక్కడ బాత్రూం ఉంటుందో లేదో. మెట్లెన్ని ఉంటాయో. నలుగురిలో తూలితే పరువేం కాను. అబ్బాయి సెలవు పెట్టాడు, జీతం కోస్తారేమో. టికెట్టు వందలకు వందలట. వీటిలో ఏదో ఒకటి నిజం. "ఎందుకు రావు?" అని నిలదీస్తే "ఓపిక లేదు" అనే జవాబే వస్తుంది.

అడగడం మాని ముందే చెప్పేయండి: "అమ్మా, కారు గుమ్మం దాకా వెళ్తుంది. ఎక్కేది లేదు. కూర్చోడానికి కుర్చీలున్నాయి. బాత్రూం నేను చూసొచ్చాను, కమోడ్ ఉంది. పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉంటాం." ఇంత చెప్పాక కూడా వద్దంటే అది నిజంగా వద్దనే. అప్పుడు ఆ మాటకు విలువివ్వండి.

రోజుకు ఎన్ని చోట్లు పెట్టుకోవచ్చు?

ఒకటి. "ఎలాగూ అటే వెళ్తున్నాం కదా, అది కూడా చూసేద్దాం" అనుకున్న రోజున చివర్లో ఏదో ఒక ఇబ్బంది తప్పదు. తయారై లిఫ్టు దిగి కారెక్కేసరికే వాళ్ల శక్తిలో పావువంతు ఖర్చయిపోతుంది. తిరిగి ఇల్లు చేరడానికీ అంతే కావాలి. మధ్యలో మిగిలేది గంటన్నర, రెండు గంటలు. టిఫిను, మాత్రలు అయ్యాక పదింటికి బయల్దేరి భోజనాల వేళకు ఇల్లు చేరడం చాలామందికి సరిపోతుంది. మర్నాడు ఎక్కడికీ వద్దు. కాళ్ల వాపులు, నొప్పులు బయటపడేది ఆ రోజే.

బాత్రూం సంగతి ఎలా?

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. మనం మాత్రం అన్నిటికన్నా చివర్లో ఆలోచిస్తాం.

మన పెద్దవాళ్లు, ముఖ్యంగా అమ్మలు, బయటికెళ్లే రోజున పొద్దుటి నుంచీ నీళ్లు తాగరు. అడిగితే "దాహం లేదు" అంటారు. బీపీకి వాడే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువయ్యేలా చేస్తాయి. వాటిని కూడా ఆ పూట చెప్పకుండా ఎగ్గొట్టేస్తారు. ఎండలో నీళ్లు లేక తిరిగితే కళ్లు తిరిగి పడిపోవడం వింతేమీ కాదు. మాత్ర వేళ మార్చవచ్చో లేదో డాక్టరును ముందే అడగాలి. మనంతట మనం మార్చకూడదు.

చేయగలిగినవి చెప్తాను. వెళ్లే చోట బాత్రూం ఎక్కడుందో, కమోడ్ ఉందో లేదో, దారిలో మెట్టుందో లేదో ఫోన్‌లోనో, ఒకసారి వెళ్లొచ్చో తెలుసుకోండి. దారిలో ఒక మాల్‌నో పెద్ద హోటల్‌నో మనసులో గుర్తు పెట్టుకోండి. మాల్స్‌లో చక్రాల కుర్చీ పట్టే వెడల్పు బాత్రూములు, పట్టుకోడానికి కమ్మీలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇంటి నుంచి దిగేముందు, అక్కడికి చేరిన వెంటనే, మళ్లీ బయల్దేరేముందు అడగాలి. "వెళ్తావా?" అంటే మొహమాటపడి "వద్దు" అంటారు. "నేను అటే వెళ్తున్నా, రా అమ్మా" అంటే లేస్తారు. కొడుకు ఒక్కడే అమ్మను తీసుకెళ్తుంటే ఈ విషయంలో ఇద్దరికీ ఇబ్బంది. కోడలో, కూతురో, మనవరాలో ఒక ఆడమనిషి తోడుంటే ఆ రోజంతా తేలికగా గడుస్తుంది. పెద్దవాళ్ల డైపర్లు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. వాటి గురించి అమ్మతో కూతురు, నాన్నతో కొడుకు తలుపు వేసుకుని మామూలుగా మాట్లాడాలి. అందరి ముందు ఆ మాట ఎత్తకూడదు. బ్యాగులో ఒక జత బట్టలు ఉంచండి, ఉన్నాయని వాళ్లకు చెప్పండి. సగం ధైర్యం అక్కడే వస్తుంది.

వీల్‌చైర్ అంటే నాన్న కోపగించుకుంటున్నారు. ఏం చేయాలి?

"నేనేమన్నా మంచం పట్టానా?" అంటారు. ఆయన దృష్టిలో ఆ కుర్చీ ఎక్కితే ఇక దిగడం ఉండదు. కాబట్టి ఆయన కోసం అని చెప్పకండి. "సామాన్లు పెట్టుకుందాం, మీకు అలసటొస్తే కాసేపు కూర్చోవచ్చు" అని తీసుకెళ్లండి. మొదట ఆయనే దాన్ని తోసుకుంటూ నడుస్తారు. పట్టుకుని నడవడానికి అదో ఆసరా. పావుగంటయ్యాక తనంతట తనే కూర్చుంటారు. నడవగలిగినంత నడవనివ్వాలి. ఎప్పుడు కూర్చోవాలో నిర్ణయించుకునేది ఆయనే.

కొనక్కర్లేదు. సర్జికల్ సామాన్ల షాపుల్లో నెలవారీ అద్దెకు ఇస్తారు. తెచ్చేముందు మడిచి మీ కారు డిక్కీలో పడుతుందో లేదో చూడండి. ఫుట్‌రెస్టులు, బ్రేకులు రెండు వైపులా పనిచేస్తున్నాయో చూడండి.

తోయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కింద వైపు ఉండి, వెనక్కి అడుగులేస్తూ దింపాలి. ముందుకు దింపితే మనిషి జారిపోతారు. చిన్న గట్టు ఎక్కాలంటే కుర్చీ వెనక ఉన్న కింది గొట్టాన్ని కాలితో తొక్కి, ముందు చక్రాలు పైకి లేపి గట్టు మీద పెట్టి, తర్వాత పెద్ద చక్రాలను ఎక్కించాలి. లేచేటప్పుడు ముందు బ్రేకులు వేయాలి, ఆ తర్వాత ఫుట్‌రెస్టులు పైకి మడవాలి. ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి లేస్తే కుర్చీ ముందుకు తిరగబడుతుంది. ఇంకొక్క విషయం: ఏ చోటికి తిప్పబోతున్నా ముందు మాటతో చెప్పండి. చెప్పాపెట్టకుండా మనిషిని గిర్రున తిప్పేస్తే ఎవరికైనా గుండె జల్లుమంటుంది.

కారా, క్యాబా, ఆటోనా?

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సీటు తుంటి ఎత్తులో ఉంటే సుఖం. మరీ కిందికున్న కార్లో కూర్చోవడం తేలికే, లేవడం నరకం. మరీ ఎత్తైనదైతే ఎక్కడం కష్టం. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, వాళ్లను వెనక్కి తిరిగి ముందు కూర్చోనివ్వండి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోనివ్వండి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి వంగి దూరడం వద్దు. సీటు మీద ప్లాస్టిక్ కవరు పరిస్తే సులభంగా తిరగగలరు. కారు కదిలేముందు దాన్ని తీసేయండి.

క్యాబ్ బుక్ చేస్తే ఒక చిక్కుంది. చాలా క్యాబ్‌లకు డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది. వీల్‌చైర్ పట్టదు. ఎక్కించుకునే ముందే డ్రైవరుకు ఫోన్ చేసి అడగండి, లేదా పెద్ద బండి బుక్ చేయండి. పికప్ పాయింట్ రోడ్డు అవతల పడకుండా చూసుకోండి. దగ్గరి దూరాలకు ఆటో బాగానే ఉంటుంది, కానీ తుంటి ఆపరేషన్ అయినవాళ్లకూ నడుము నొప్పి ఉన్నవాళ్లకూ స్పీడ్ బ్రేకర్ల దగ్గర ప్రాణం పోతుంది.

మెట్రో ఎక్కించవచ్చా?

తప్పకుండా. చాలామందికి మెట్రో ప్రయాణమే ఒక చూడదగ్గ వింత. 2017 నవంబరులో మొదలైన ఈ మెట్రోలో మూడు లైన్లున్నాయి: మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్. రోడ్డు మీంచి పైకి లిఫ్టులున్నాయి. ప్లాట్‌ఫాం, రైలు ఒకే ఎత్తులో ఉంటాయి. పెద్దవాళ్లకు విడిగా సీట్లున్నాయి. ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం నాలుగు లోపు వెళ్తే ఊపిరాడుతుంది. ఆఫీసు వేళల్లో అమీర్‌పేటలో దిగి లైను మారడం ఆరోగ్యవంతులకే కష్టం, పెద్దవాళ్లను అక్కడ దింపకండి.

ఎర్ర లైనులో (మియాపూర్–ఎల్బీనగర్) ఎక్కి ఊరికే ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లి రావచ్చు. కిటికీ పక్కన కూర్చుంటే అసెంబ్లీ, నాంపల్లి, మూసీ అన్నీ పైనుంచి కనిపిస్తాయి. ఏసీలో కూర్చుని, ఒక్క మెట్టు ఎక్కకుండా నగరం చూసినట్టు. లిఫ్టు రోడ్డుకు ఏ వైపుందో మాత్రం దిగబోయే స్టేషన్లోనే సిబ్బందిని అడిగి బయటికి రండి. తప్పు వైపు దిగితే రోడ్డు దాటాల్సి వస్తుంది.

అమ్మకు ఆర్టీసీ బస్సులో ఉచితమే కదా?

తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉంటేనే. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఈ రాష్ట్రంలో నివాసం ఉన్న ఆడవాళ్లకు. విజయవాడ నుంచో, రాజమండ్రి నుంచో వచ్చిన అమ్మ ఇక్కడ టికెట్టు తీసుకోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం అక్కడి బస్సులకు. ఎలాగూ ఎత్తు మెట్ల సిటీ బస్సు మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు సరిపడదు.

ఎక్కువ నడవకుండా చూడదగ్గవి ఏవి?

మొదట చెప్పాల్సింది సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు. అంతా చూడాలని వెళ్లకండి. ఆ మ్యూజియంలో ఒక రోజు కాదు, వారమైనా సరిపోదు. రెండు మూడు వస్తువులు ఎంచుకోండి. సంగీత గడియారం ముందు కూర్చోడానికి చోటుంది. గంట కొట్టే వేళకు పావుగంట ముందే వెళ్లి కూర్చోండి. గంట కాగానే గడియారంలోంచి ఒక చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి గంట మోగించి లోపలికి వెళ్లిపోతాడు. మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు, ఆ తమాషా ఇంకాస్త సేపు నడుస్తుంది. జనం గుమిగూడి పైకి చూస్తుంటారు, పిల్లలు లెక్కపెడుతుంటారు. అక్కడ మీ నాన్న మొహం చూడండి. తర్వాత వీల్‌చైర్‌లో ముసుగు రెబెకా దగ్గరికి వెళ్లండి. 1876లో బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. పాలరాతిలోంచి పల్చటి ముసుగు, ముసుగులోంచి మొహం కనిపిస్తుంది. చీరల నేత తెలిసిన అమ్మలు ఆ ముసుగు మడతల దగ్గర చాలాసేపు ఆగిపోతారు. ఆ రెండూ చూసి ఇంటికి రండి.

రెండోది ట్యాంక్‌బండ్. కారు దిగక్కర్లేదు. 1986లో పెట్టిన 33 విగ్రహాలు వరసగా ఉంటాయి: నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, మొల్ల, వేమన, అన్నమయ్య. తెలుగు మాస్టారుగా రిటైరైన నాన్న అయితే మీకు పాఠం మొదలుపెడతారు, మనవల్ని పక్కన కూర్చోబెట్టండి. గోదావరి జిల్లాల వాళ్లు కాటన్ దొర దగ్గర బండి ఆపమంటారు. ఎదురుగా బుద్ధుడు. 1990లో తెప్ప మునిగి ఆ విగ్రహం హుస్సేన్‌సాగర్ అడుగుకు చేరడం, 1992లో బయటికి తీసి నిలబెట్టడం ఆ వయసువాళ్లు పేపర్లలో చదివినవే. ఆ కథ వాళ్లనే చెప్పనివ్వండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, బండి ఆపే చోటు దొరకదు.

జూ పార్కు 380 ఎకరాలు. నడిస్తే అయ్యే పని కాదు గానీ బ్యాటరీ బండ్లున్నాయి. సోమవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. విశాలమైన ఆవరణ, చెట్ల నీడ, నీటి కొలను ఉన్నాయి. దర్బారు హాలుకు మెట్లున్నాయి, ఎక్కలేనివాళ్లు ఆవరణలో కూర్చున్నా ఆ రోజు వృథా కాదు. చార్మినార్‌ను పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు చూడాలి. పైకి 149 మెట్లు, ఆ ఊసే వద్దు. కింద నుంచి చూసి, పక్కన ఇరానీ చాయ్ తాగి రావడమే.

సాయంత్రం పూట రవీంద్రభారతి ఉంది, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉంది. కూచిపూడి, పద్యనాటకం, అవధానం, ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. చాలావాటికి టికెట్టు ఉండదు. ఊళ్లో పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్లకు ఏ మాల్ కన్నా ఇదే నయం. సినిమాకైతే టికెట్టు బుక్ చేసేటప్పుడు హాల్లోకి వచ్చే తలుపు ఏ వరస దగ్గరుందో ఫోన్ చేసి కనుక్కుని, ఆ వరసలోనే అంచు సీట్లు తీసుకోండి. పై వరసలకు చీకట్లో మెట్లెక్కాలి.

వద్దనుకోవాల్సినవి?

గోల్కొండ పైకి సుమారు 360 మెట్లు, ఎగుడుదిగుడు రాళ్లు. ముఖద్వారం దగ్గర చప్పట్లు కొట్టి వినడం వరకైతే సరే. రామోజీ ఫిల్మ్ సిటీ రోజంతా పట్టే పని. బస్సులు తిప్పుతాయి నిజమే, కానీ ఎక్కడం దిగడం చాలాసార్లు. నుమాయిష్ జనవరిలో వస్తే అమ్మలు ముచ్చటపడతారు. పనిరోజు, తెరవగానే వెళ్లి గంటలో బయటపడగలిగితేనే. బుద్ధుడి దగ్గరికి పడవ ఎక్కించడం నాకు ఇష్టం లేదు. ఒడ్డుకూ పడవకూ మధ్య అడుగు వేసేటప్పుడు పడవ కదులుతుంది. తూలే మనిషికి అది చాలు.

గుళ్లకు తీసుకెళ్లమంటారు. ఎలా?

బిర్లా మందిర్ కొండ మీద ఉంది. కారు కొంతవరకే వెళ్తుంది, ఆపైన పాలరాతి మెట్లు. వీల్‌చైర్‌కు వేరే దారి ఏమైనా ఉందేమో ముందే ఫోన్ చేసి అడగండి. మధ్యాహ్నం మూసేస్తారు. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి విడిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేస్తేనే మొక్కుకున్నట్టని అమ్మ పట్టుబట్టవచ్చు. శుక్ర, శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజు తీసుకెళ్లండి. ఆమె ఒక్కటి చేసి కూర్చుంటే, మిగతా పది ఆమె పేరున మీరు చేయండి. ఆ మాట ముందే చెప్తే ఆమె మనసు ఎంత నెమ్మదిస్తుందో చూడండి.

షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు ఎండకు కాలిన బండల మీద నడిస్తే బొబ్బలెక్కినా తెలియదు. నూలు సాక్సులు తొడగండి, ఇంటికొచ్చాక అరికాళ్లు చూడండి. ప్రసాదానికి కింద కూర్చోవాల్సి వస్తే కుర్చీ అడగండి. అడిగితే చాలాచోట్ల వేస్తారు.

నాన్న చకచకా నడుస్తారు, అమ్మ నడవలేదు. ఇద్దర్నీ కలిపి ఎలా?

చాలా ఇళ్లలో ఉన్న పరిస్థితే. ఆయన ముందు వెళ్లిపోతుంటారు, ఆమె చెప్పులు, సంచులు కాపలా కాస్తూ బెంచీ మీద మిగిలిపోతుంది. సాయంత్రానికి ఆయన అన్నీ చూసి వస్తారు, ఆమె బెంచీ చూసి వస్తుంది. ఇద్దరు తోడుంటే రెండు జట్లుగా విడిపోండి. ఒక్కరే ఉంటే అమ్మ వేగమే అందరి వేగం. నాన్న పొద్దున పార్కులో విడిగా నడుచుకోవచ్చు.

మెట్లు తప్పనప్పుడు?

ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర నొప్పి కాలికి ఎదుటి వైపు చేతిలో ఉండాలి. ఎక్కేటప్పుడు మీరు ఒక మెట్టు వెనక, దిగేటప్పుడు ఒక మెట్టు ముందు ఉండండి. చంకలో చేయి పెట్టి లాగితే భుజం పట్టేస్తుంది. మీ చేతిని వాళ్లనే పట్టుకోనివ్వండి. ఎస్కలేటర్ వద్దు, కుచ్చిళ్లు ఇరుక్కుంటాయి. ఊరెళ్లే ముందు పిల్లలు ముచ్చటగా కొన్న కొత్త చెప్పులు ఇలా తిరిగే రోజుల్లో వద్దు, అలవాటైన పట్టీల చెప్పులే వేయండి.

తిండి, మాత్రలు?

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు భోజనం ఆలస్యం కాకూడదు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎందుకైనా మంచిదని గ్లూకోజ్, పల్లీపట్టీ, బిస్కెట్లు చేతికందేలా ఉంచండి. ఇన్సులిన్ ఆగి ఉన్న కారులో వదలొద్దు. హోటల్లో మూలన సోఫా కన్నా చేతులున్న గట్టి కుర్చీ అడగండి, లేవడం సులభం. మాత్రల చీటీ ఫోటో ఫోన్లో ఉంచండి. మతిమరపు ఉన్నవాళ్ల జేబులో మీ నంబరు రాసిన కాగితం పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చారంటే పగటిపూట మానేసి సాయంత్రం ఆరు తర్వాతే బయల్దేరండి.

వాళ్లకు స్థలాలు చూడాలని లేదు. అయితే?

అయితే మనుషుల్ని చూపించండి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టులో నాన్నతో కలిసి పనిచేసిన ఆయన కూకట్‌పల్లిలో కొడుకు దగ్గరుంటారు. అమ్మ చిన్ననాటి స్నేహితురాలు వనస్థలిపురంలో ఉంటుంది. పెళ్లిళ్లలో తప్ప కలవని చిన్నాన్న ఉన్నారు. "మీకు ఇక్కడ ఎవర్ని చూడాలని ఉంది?" అని అడిగి, ఆ పేర్లు కాగితం మీద రాయించుకోండి. హైదరాబాద్‌లో పదేళ్లుగా ఉంటున్న పిల్లలు కూడా ఈ ప్రశ్న అడగరు. నా దృష్టిలో ఈ జాబితాలో అన్నిటికన్నా మంచి షికారు ఇదే. ఖర్చు లేదు, టికెట్టు లేదు, బాత్రూం ఉంది, కుర్చీ ఉంది, కాఫీ వస్తుంది. వెళ్లే ముందు లిఫ్టుందా, ఎన్నో అంతస్తు అని అడగండి. లిఫ్టు లేని మూడో అంతస్తైతే వాళ్లను కూడా కిందికి రమ్మని, దగ్గర్లోని టిఫిన్ హోటల్లో కలపండి. మీరు పక్క టేబుల్ దగ్గర కూర్చుని వాళ్లను మాట్లాడుకోనివ్వండి.

ర్యాంపు లేదు, "ఎత్తి తీసుకెళ్తాం సార్" అంటున్నారు. ఒప్పుకోవాలా?

వద్దు. తెలియని నలుగురు కుర్చీతో సహా ఎత్తడం ప్రమాదం, అవమానం కూడా. జనం వచ్చే భవనాల్లో వికలాంగులకు వీలు కల్పించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్తోంది. పదిహేను సెంటీమీటర్ల ఒక్క మెట్టుకు దాదాపు రెండు మీటర్ల పొడవు ర్యాంపు చాలు, అది పెట్టడం పెద్ద పనేమీ కాదు. మేనేజరును పిలిచి మర్యాదగా అడగండి, ఉత్తరం రాయండి. మీరు అడిగితేనే వచ్చే ఏడాది ఇంకొకరి అమ్మ అక్కడికి వెళ్లగలుగుతుంది.

బయట ఉండగా పడిపోతే, ఒంట్లో బాగుండకపోతే?

పడిపోతే గబుక్కున లేపకండి. ఎక్కడ నొప్పో అడగండి, కాలు కదిలించమనండి. తుంటి దగ్గర నొప్పి అంటున్నా, కాలు పొట్టిగా, పక్కకు తిరిగినట్టు కనిపిస్తున్నా కదపకుండా 108కి ఫోన్ చేయండి. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చేయి లేవకపోవడం కనిపిస్తే టైము చూసుకుని వెంటనే 108కి చేయండి. ఎప్పుడు మొదలైందో డాక్టర్లు అడుగుతారు. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. అత్యవసరం కాని సలహాలకు, సాయానికి పెద్దవాళ్ల కోసం 14567 ఉంది. ఈ రెండు నంబర్లూ మీ ఫోన్‌లోనే కాదు, వాళ్ల బటన్ ఫోన్‌లోనూ వేసి పెట్టండి.